ఏరడం అయ్యాకే నూనె

పళ్లెంలో 98 స్విచ్చులున్నాయి. నేను కట్టబోయే చిన్న కీబోర్డుకు కావలసినవి 61. అంటే 37 పక్కన పెట్టాలి. ఏ ముప్పై ఏడు? ఈ అధ్యాయమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందు ఆ పళ్లెం మా భోజనాల బల్ల మీదికి ఎలా వచ్చిందో చెప్పాలి. అమెరికాలో ఉంటున్న మా మేనకోడలు ఒక సంక్రాంతికి వస్తూ సూట్‌కేసులో పాత కీబోర్డు పెట్టుకొచ్చింది. అక్కడ వాడేసిన సామాన్లు అమ్మే కొట్లో కనిపించిందట. "మామయ్యా, దీని మీద రెండు కీలు నొక్కగానే నీ టైపు మిషను కబుర్లు గుర్తొచ్చాయి. బట్టలు తగ్గించుకుని మరీ తెచ్చాను" అంది. అది ఆపిల్ ఎక్స్‌టెండెడ్ కీబోర్డు. 1987లో వచ్చిన మోడల్. అడుగున ఎం0115 అని నంబరుంటుంది. 105 కీలు. ఎంత పెద్దదంటే, ఆపిల్ వాళ్లు తయారు చేసే రోజుల్లో దానికి సరటోగా అని విమానాలు మోసే యుద్ధనౌక పేరు పెట్టుకున్నారు.

దాని కేబులు ఏడీబీ అనే పాత రకం. ఇప్పటి కంప్యూటర్లకు నేరుగా తగలదు. అయితే ఏడీబీని యూఎస్‌బీగా మార్చే చిన్న కన్వర్టర్లు దొరుకుతాయి. మీ చేతికి ఇలాంటి కీబోర్డు వచ్చి, అది పనిచేస్తుంటే, దయచేసి కన్వర్టరు పెట్టి అలాగే వాడుకోండి. బతికున్న వస్తువును భాగాల కోసం విప్పడం నాకు నచ్చదు. మా దాంట్లో ఎప్పుడో టీయో కాఫీయో ఒలికి, లోపలి సర్క్యూటు బోర్డు మీద రాగి గీతలు సగం తినేసి ఉన్నాయి. ఇనుప ప్లేటు తుప్పు పట్టింది. బోర్డు పోయింది, స్విచ్చుల్లో చాలావరకు మిగిలాయి. అందుకే విప్పాను.

ఇప్పుడు స్విచ్చు సంగతి. మామూలు ఆఫీసు కీబోర్డులో కీల కింద రబ్బరు పొర ఒకటే ఉంటుంది. మెకానికల్ కీబోర్డులో ప్రతి కీకీ సొంత స్ప్రింగు, సొంత స్విచ్చు. మన డీటీపీ సెంటర్లలో, కోర్టుల దగ్గర టకటకలాడే టీవీఎస్ గోల్డ్ మీలో చాలామంది వేళ్లకు పరిచయమే. అదీ ఈ జాతిదే. నా పళ్లెంలో ఉన్నవి జపాన్‌కు చెందిన ఆల్ప్స్ ఎలక్ట్రిక్ కంపెనీవి. 1948లో కటావోకా ఎలక్ట్రిక్‌గా మొదలై 1964లో ఆల్ప్స్ అని పేరు మార్చుకున్న సంస్థ అది. 1980లలో వాళ్లు చేసిన ఎస్‌కేసీఎం వరస స్విచ్చుల్ని లోపల కదిలే ముక్క రంగును బట్టి పిలుస్తారు. నీలం రంగుది టిక్కుమని చప్పుడు చేస్తుంది. నారింజ రంగుది చప్పుడు చేయదు. సగం దారిలో వేలికి చిన్న గుబ్బలాంటిది తగిలి దారిస్తుంది. నావి నారింజ రంగువి. వీటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ప్రపంచంలో ఉన్నవే ఉన్నాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆల్ప్స్‌తోనే మొదలుపెట్టాలని నేను అనను. పాత వైజ్ టెర్మినళ్లలో వచ్చే చెర్రీ నలుపు స్విచ్చులు తేలిక. వాటికి 14 మిల్లీమీటర్ల చదరపు రంధ్రం చాలు. ఇప్పటి బోర్డులూ ప్లేట్లూ కీక్యాపులూ దాదాపు అన్నీ వాటికి సరిపోతాయి. ఆల్ప్స్‌కు 15.5 బై 12.8 మిల్లీమీటర్ల దీర్ఘచతురస్రం కావాలి. కీక్యాపు అడుగున పిడి కూడా వేరు. ఐబీఎం మోడల్ ఎం జోలికి మాత్రం పోవద్దు. అందులో స్ప్రింగు వంగి కింది పొరను కొడుతుంది. అదంతా కలిపి ఒకే యంత్రం, విడదీస్తే మిగిలేదేమీ లేదు. హనీవెల్ వాళ్ల పాత స్విచ్చుల్లో అయస్కాంతం, దాన్ని పసిగట్టే చిప్పు ఉంటాయి. అవి అద్భుతమైనవే కానీ రెండో కీబోర్డుకో మూడోదానికో ఉంచుకోండి.

విప్పడం గురించి క్లుప్తంగా. స్విచ్చుకు రెండు పిన్నులు, 105 స్విచ్చులకు 210 అతుకులు. పాత అతుకు కరగనంటే వేడి పెంచకండి. దాని మీద కాస్త కొత్త లెడ్డు పెట్టి, రెండూ కలిసి కరిగాక పంపుతో పీల్చేయండి. టెంపరేచర్ పెట్టుకునే సోల్డరింగ్ ఐరన్ అయితే 340 డిగ్రీల దగ్గర నాకు బాగా కుదిరింది. ఒక అతుకు మీద మూడు సెకన్లకు మించి ఉంచకండి, ప్లాస్టిక్ మెత్తబడుతుంది. పిన్ను అటూ ఇటూ కదిలితేనే పైకి లాగండి. కిటికీ తెరిచి, ఫ్యాను పక్కకు తిప్పి కూర్చోండి. ఆ లెడ్డులో సీసం ఉంటుంది కాబట్టి లేచాక చేతులు సబ్బుతో కడుక్కునే ఏమైనా తినండి. ఐరను, పంపు, ఫ్లక్సు, మల్టీమీటరు అన్నీ హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో దొరికాయి. తుప్పు పట్టినవి, పిన్ను ఊడినవి, నొక్కితే తాళం పడే క్యాప్స్‌లాక్ స్విచ్చు పోగా పళ్లెంలోకి చేరినవి 98.

ఇక్కడే నేనొక తప్పు చేశాను. పాత స్విచ్చులకు గ్రీజు రాస్తే వెన్నలా జారతాయని విన్నాను. నా దగ్గర ఖరీదైన క్రైటాక్స్ గ్రీజు సీసా ఉంది. రాత్రి పదిన్నరకు కూర్చుని ఒక పది స్విచ్చులు తెరిచి, సన్నటి బ్రష్షుతో లోపలంతా పూసి మూసేశాను. నొక్కి చూస్తే పదీ ఒకేలా ఉన్నాయి. ఎంత సంతోషమేసిందో! నెల తిరిగేసరికి ఆ పదిలో ఆరు నొక్కితే పైకి రావడానికి బద్ధకించసాగాయి. తెరిచి చూస్తే లోపల బూడిద రంగు ముద్ద. లోపల ముందే ఉన్న దుమ్ము, నేను పూసిన గ్రీజు కలిసి ఆకురాయిలా తయారై, ముక్క జారే గోడల్ని గీకేశాయి. ఆల్ప్స్ స్విచ్చులకు దుమ్మే శత్రువు. ఒకసారి గీతలు పడ్డ గోడను ఏ గ్రీజూ నున్నగా చేయదు. ఆ ఆరూ పోయాయి.

అంతకన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి. గ్రీజు రాయకముందు ఆ పదిలో ఏది బాగుందో, ఏది బాగాలేదో నేను చూడలేదు. పూసేశాక ఇక తెలిసే మార్గం లేదు. బాగుచేయాలన్న తొందర, ముందు తెలుసుకోవాల్సినదాన్ని కప్పేసింది.

నేను టైపు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టారు ఎప్పుడూ మా కాగితాల వైపు చూసేవారు కాదు. పన్నెండు మిషన్ల మీద పన్నెండు మందిమి 'ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్' కొడుతుంటే ఆయన గుమ్మం దగ్గర కుర్చీలో పేపరు చదువుకుంటూ, "మూడో మిషను, చిటికెన వేలు!" అనేవారు. చిటికెన వేలు బలహీనంగా పడితే ఆ అక్షరం దెబ్బ మెత్తగా వినిపిస్తుంది. ఆ గొడవలో ఆయన చెవికి అది విడిగా పట్టుబడేది. చాలా ఏళ్ల తర్వాత నా వేలికి అలాంటి తర్ఫీదు ఇవ్వాలనిపించింది. బియ్యంలో మట్టిబెడ్డలు ఏరే చేతికి అది ఉంటుంది. చూపు ఎటున్నా రాయి తగలగానే వేలు ఆగుతుంది.

ఎలా ఏరానో చెబుతాను. కాస్త ఓపిక పట్టండి. మీరు కీబోర్డు కట్టకపోయినా ఈ భాగం మీకు పనికొస్తుంది.

మొదట మల్టీమీటరుతో అన్నింటినీ చూశాను. నొక్కితే కూత రావాలి, నొక్కి పట్టుకుంటే కూత తెగకూడదు. మూడు స్విచ్చులు చచ్చిపోయాయి. ఇది తేలిక పని. మీటరు చెబుతుంది, మనం రాసుకుంటాం.

తర్వాత వేలి పని. ఒక రంధ్రం ఉన్న చిన్న రేకు ముక్కలో స్విచ్చు పెట్టి, దాని మీద ఎప్పుడూ అదే కీక్యాపు, ఎప్పుడూ అదే వేలు. నెమ్మదిగా అయిదుసార్లు మధ్యలో, ఆ తర్వాత నాలుగు అంచుల మీద ఒక్కోసారి. మూడే ప్రశ్నలు: గుబ్బ స్పష్టంగా తగిలిందా? గరుకు ఉందా? వేలు తీస్తే వెంటనే వేలిని అంటిపెట్టుకుని పైకి వచ్చిందా? 'బాగుంది' అనే మాట రాయడం నిషేధం. బాగుంది అనేది జవాబు కాదు, అలసటకు మారుపేరు. జవాబుల్ని బట్టి మూడు కుప్పలు: మేలైనవి, నడిమివి, పనికిరానివి.

ఒక్క విడతకు ఇరవై. మొదటి రోజు ఉత్సాహంలో నలభై దాకా పోయాను. మర్నాడు స్విచ్చుల అడుగున నంబర్లు అంటించి, కలిపేసి, నంబరు చూడకుండా మళ్లీ చేశాను. మొదటి ఇరవైలో రెండు మూడు తప్ప అన్నీ తమ చోట్లలోనే ఉన్నాయి. రెండో ఇరవైలో ఏడు చోట్లు మారాయి. అంటే ఇరవై దాటాక నేను స్విచ్చుల్ని కాదు, నా విసుగును కొలుస్తున్నాను. అప్పటినుంచి ఇరవై అవగానే లేచిపోయేవాణ్ణి.

ఇంకో ఉపాయం ఆలస్యంగా తట్టింది. కంసాలి దగ్గర గీటురాయి ఉన్నట్టు, అన్నిటికన్నా మేలైన స్విచ్చు ఒకటి ఎంచి దాని తల మీద ఎర్ర చుక్క పెట్టాను. ప్రతి అయిదు స్విచ్చులకు ఒకసారి దాన్ని నొక్కేవాణ్ణి. అది లేనప్పుడు ఏం జరుగుతుందంటే, వరసగా నాలుగు గరుకువి తగిలితే అయిదోది మామూలుదైనా మహా గొప్పగా అనిపిస్తుంది. వేలికి జ్ఞాపకం తక్కువ. పక్కనే ఉన్నదాంతో పోల్చుకుని తృప్తి పడిపోతుంది.

బరువు కొలవడానికి పది రూపాయల బిళ్లలు వాడాను. ఒక్కొక్కటి సుమారు 7.7 గ్రాములు. కీక్యాపు మీద మెల్లగా ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోతే ఎన్నో బిళ్లకు గుబ్బ దాటి కిందికి దిగుతుందో చూడటమే. ఎక్కువ భాగం తొమ్మిది, పది దగ్గర దిగాయి. పన్నెండు బిళ్లలు మోసినది ఏదైనా ఉంటే స్ప్రింగు కాదు, లోపలి మురికి దాన్ని ఆపుతోందన్నమాట.

ఆరు రోజులు పట్టింది. మొదటి కుప్పలో 54, నడిమి కుప్పలో 29, చచ్చిన మూడు, గ్రీజుతో పోయిన ఆరు కలుపుకుని మూడోదాంట్లో 15.

ఈ ఏరడం స్విచ్చులకే కాదు. నా దగ్గరికి చదువు, ఉద్యోగాల సలహాకు వచ్చే కుర్రాళ్లు ఎక్కువగా రెండు ప్రశ్నల్లో ఒకటి అడుగుతారు: "సార్, ఏ కోర్సు చేయమంటారు? ఈ ఉద్యోగంలో ఉండాలా, మానేయాలా?" అందరూ గ్రీజు సీసా పట్టుకుని వచ్చినవాళ్లే. నేను వాళ్లకు కోర్సు పేరు చెప్పను. రెండు వారాల పాటు చేసిన ప్రతి పనినీ, అది అరగంట మీటింగైనా, ఒక ఫోనైనా, ఒక్కో చీటీ మీద రాసి డబ్బాలో వేయమంటాను. పనిని మెచ్చుకుంటూనో తిట్టుకుంటూనో రాయకూడదు. చేసేటప్పుడు గడియారం చూశానా? అయ్యాక మళ్లీ చేయాలనిపించిందా? ఈ రెండింటికి అవును, కాదు అంతే. పద్నాలుగో రోజున చీటీలు బల్ల మీద పోసి కుప్పలు పెట్టాలి. ఒక అమ్మాయి ఉద్యోగం మానేద్దామనే నిర్ణయంతో వచ్చింది. ఆమె మూడో కుప్పలో పడ్డ చీటీలన్నీ ఒకే వారపు రిపోర్టుకు సంబంధించినవి. ఉద్యోగం మొదటి కుప్పలోనే ఉంది. ఆ రిపోర్టు ఇంకొకరికి ఇప్పించమని అడిగింది, ఇచ్చారు. అందరికీ ఇంత తేలిగ్గా తేలదు. కొందరి చీటీలు నిజంగానే వెళ్లిపొమ్మని చెబుతాయి. అప్పుడూ ఎక్కడికి వెళ్లకూడదో తెలుసుకుని వెళతారు.

మళ్లీ స్విచ్చుల దగ్గరికి. ఏరడం అయ్యాకే నడిమి కుప్పను తెరిచాను. పై డొప్పకు ఉన్న రెండు పట్లు వదులు చేస్తే ఊడివస్తుంది. లోపల నారింజ రంగు ముక్క, స్ప్రింగు, గుబ్బ తగిలించే సన్నటి లోహపు రేకు, కరెంటు కలిపే చిన్న పెట్టె. ఆ పెట్టెను నీళ్లలో వేయకూడదు. అది తీసి పక్కన పెట్టాలి. డొప్పలు, ముక్కలు గోరువెచ్చటి సబ్బు నీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో గోడలు తోమి, మంచినీళ్లలో జాడించి, ఒకటిన్నర రోజు నీడన ఆరబెట్టాను. తిరిగి పెట్టేటప్పుడు ఆ సన్నటి రేకు తలకిందులైతే గుబ్బే ఉండదు. మొదటిదాన్ని తెరిచినప్పుడు ఫోనులో ఫొటో తీసుకోండి. కడిగాక ఇరవై తొమ్మిదిలో పన్నెండు మెరుగుపడ్డాయి. వాటిలోంచి ఏడు తీసుకున్నాను. 54, 7 కలిపి 61.

గ్రీజు? మొదట పూసిన పది తప్ప చివరికి ఒక్కదానికీ రాయలేదు. శుభ్రంగా ఉన్న ఆల్ప్స్‌కు అది అక్కర్లేదని తెలిసింది. ఎవరైనా తప్పనిసరిగా రాయాలనుకుంటే తడి గ్రీజు కాకుండా పొడి రకం, అదీ ముక్క పక్కల మీద మాత్రమే రాయాలి. లోహపు రేకు జోలికి పోకూడదు. రేకు జారుడుగా మారితే గుబ్బ కరిగిపోతుంది, ఆ గుబ్బ కోసమేగా ఇదంతా.

బోర్డుకు ఆల్ప్స్64 అనే సర్క్యూటు తెప్పించుకున్నాను. నంబర్ ప్యాడూ బాణాలూ లేని చిన్న వరసకు, ఆల్ప్స్ పిన్నులకు తగ్గట్టు చేసినది. ప్లేటు బాలానగర్‌లో లేజరు మీద కోయించాను. మొత్తం ప్లేటు ఒకేసారి ఇవ్వకుండా నాలుగు రంధ్రాల ముక్క ఒకటి ముందు కోయించి, స్విచ్చు బిగువుగా కూర్చుందా అని చూసుకున్నాక మిగతాది ఇచ్చాను. కీకీ మధ్య దూరం 19.05 మిల్లీమీటర్లు. స్పేస్‌బారు పొడవు మాత్రం కొలవకుండా ప్లేటు గీయించకండి. ఆ పాత ఆపిల్ స్పేస్‌బారు, ఇప్పటి బోర్డుల్లో ఎక్కువగా వచ్చే 6.25 యూనిట్ల స్పేస్‌బారు ఒకటి కాదు. చూడండి, మిగతా కీక్యాపులు పీబీటీ ప్లాస్టిక్కువి. ముప్పై అయిదేళ్లు దాటినా రంగు మారలేదు. స్పేస్‌బారు ఒక్కటి ఏబీఎస్. అది పాత పుస్తకం అట్టలా పసుపెక్కింది. తెల్లబరచమని చాలామంది చెప్పారు. నేను ఉంచేశాను.

అన్నింటికన్నా నాకు ఇష్టమైన పని ఏ స్విచ్చు ఎక్కడ అని నిర్ణయించడం. ఇంగ్లీషు కొట్టేవాళ్ల లెక్క వేరు. నేను రోజంతా ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు కొడతాను. అందులో అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. పొల్లు 'డి' మీద, గుడి 'ఎఫ్' మీద, కొమ్ము 'జి' మీద, దీర్ఘం 'ఇ' మీద ఉంటాయి. తెలుగులో ఒత్తు రావాలంటే ప్రతిసారీ పొల్లు నొక్కాలి. 'అమ్మ' అన్నా, 'అన్నం' అన్నా నా ఎడమ నడిమి వేలు 'డి' మీదకు వెళ్లక తప్పదు. ఎర్ర చుక్క పెట్టిన గీటురాయి స్విచ్చును అక్కడ పెట్టాను. గుడికీ కొమ్ముకూ దీర్ఘానికీ దాని తర్వాతి మూడు. క, త, ర, ప, న, ల మీటలకు ఆ తర్వాతవి. కడిగి తెచ్చిన ఏడింటినీ కుడి కంట్రోలు, బ్రాకెట్లు, ఎస్కేపు లాంటి మూలలకు పంపాను. ఒక్కో స్విచ్చు అతికే ముందు మరోసారి నొక్కాను. రెండు రాత్రులు, 122 అతుకులు. కంప్యూటరుకు తగిలించగానే ఒక్క కీ తప్ప అన్నీ పలికాయి. ఆ ఒక్కటి అతుకు సరిగ్గా తడవలేదు. మళ్లీ వేడి చూపిస్తే పలికింది.

మిగిలిన 37 స్విచ్చులు బిస్కట్ల డబ్బాలో, కుప్ప కుప్పకీ వేరే కవరు, కవరు మీద అంకె.

మరుసటి సంక్రాంతికి మేనకోడలు వచ్చినప్పుడు కీబోర్డు దాని ఒళ్లో పెట్టి, ఏమీ చెప్పకుండా ఊరుకున్నాను. కళ్లు మూసుకుని వరసగా అన్నీ నొక్కుతూ పోయింది. చివరి వరసలో కుడి మూల దగ్గర ఆగింది. మళ్లీ నొక్కింది. దాని పక్కది నొక్కి, మళ్లీ దాని మీదకే వచ్చింది.

"మామయ్యా, ఇది మిగతావాటిలా లేదు. పైకి రావడానికి కాస్త ఆలోచిస్తోంది."

కుడి కంట్రోలు. ఏడింటిలో ఒకటి. నేను లేచి బిస్కట్ల డబ్బా తెచ్చి, నడిమి కుప్ప కవరు దాని ముందు పెట్టాను. ఐరను వేడెక్కేలోపు అది ఇరవై రెండింటినీ పళ్లెంలో పోసి ఏరడం మొదలుపెట్టింది.